జూన్‌లో పూసే ఆల్పైన్ (ఎత్తైన కొండల) మొక్కలు: సున్నపు నీళ్ళ ఊళ్ళో ఏవి నిలుస్తాయి?

ఉత్తరపుగోడ:
మాది ఇంగ్లండ్‌లో రీడింగ్. కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున ఊరికే తెల్లగా పేరుకుంటుంది. పెరట్లో మూడు చోట్లు ఖాళీగా ఉన్నాయి: ఎండ తగిలే రాతి తొట్టి (లోపలి కొలత 60×40 సెం.మీ., లోతు 20), ఉత్తరం వైపు చూసే పాత ఇటుక గోడ, ఆపిల్ చెట్టు కింద రెండు మీటర్ల మడి. మే ఆఖరు నుంచి జూన్ దాకా పూసేవి కావాలి. లావెండర్, జెరేనియం వద్దు, ఏ పెరట్లో చూసినా అవే. నిరుడు తొట్టిలో పెట్టిన లెవిసియా మార్చిలో ముట్టుకుంటే చేతికి ఊడొచ్చింది. చెట్టు కింద నీలి పాపీ (మెకనాప్సిస్) ఒక్కసారి పూసి చచ్చిపోయింది. చలికేనా? వాటి బదులు ఏం పెట్టొచ్చు?

గులకరాయి:
చలికి కాదండీ. లెవిసియా కాటిలెడన్ పుట్టిల్లు ఉత్తర కాలిఫోర్నియా, దక్షిణ ఆరెగాన్ కొండల్లో రాళ్ళ సందులు. గడ్డకట్టే చలి దానికి లెక్కలోది కాదు. ఇక్కడి చలికాలం వేరు: మంచు, కరుగు, వాన, మళ్ళీ వాన. ఆకులన్నీ చుట్టూ పరుచుకుని గిన్నెలా ఉంటాయి కదా, నడిమధ్య నీళ్ళు నిలిచి మొదలు కుళ్ళుతుంది. అందుకే దాన్ని చదునుగా నాటకూడదు. 45 డిగ్రీలకు తక్కువ కాకుండా పక్కకు వాల్చి, రెండు రాళ్ళ మధ్య ఇరికించి, మొదలు చుట్టూ రెండు అంగుళాల మేర మట్టి తగలకుండా గ్రిట్ (సన్నని రాతి పలుకులు) పోయాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా నాలుగు ఇటుకల మీద గాజు పలక గానీ పాలికార్బొనేట్ రేకు గానీ పెట్టండి. నాలుగు పక్కలా గాలి ఆడాలి. మూసేస్తే బూజు పడుతుంది, అది వానకంటే చేటు.

ఇంకో సంగతి. గార్డెన్ సెంటర్లలో అమ్మే లెవిసియా చాలావాటికి వేళ్ళ చుట్టూ సన్నని వల సంచి ఉంటుంది, టీ బ్యాగులాగా, లోపలంతా పీట్ (బురదనేలల్లో కుళ్ళిన నాచు, నీళ్ళు పట్టి ఉంచుతుంది). అలాగే నాటేస్తే చుట్టూ ఉన్న గ్రిట్ ఆరిపోయినా ఆ ముద్ద మాత్రం చలికాలమంతా స్పాంజిలా తడిగానే ఉంటుంది. పూత అయ్యాక, జూన్ చివర్లో, సంచి కత్తిరించి పీట్‌ని వేళ్ళ నుంచి మెల్లగా రాల్చి తిరిగి నాటాలి. దానికి సున్నం కూడా పడదు, కాబట్టి మీ తొట్టిలో వద్దు. విడిగా మట్టి కుండీలో పెట్టి వాననీళ్ళు పోయండి.

మీ తొట్టికి మీ కుళాయి నీళ్ళే వరం, సున్నపురాయి మీద పెరిగేవే పెట్టండి. మొదటిది సాక్సిఫ్రాగా 'టంబ్లింగ్ వాటర్స్'. వెండి రంగు ఆకుల చక్రం, దాని ఆకు అంచున వరుసగా తెల్లని చుక్కలు. అవి తెగులు కాదు: అంచు రంధ్రాల నుంచి ఊరిన నీరు ఆరిపోతే మిగిలిన సున్నం. గోకకండి. నాలుగైదేళ్ళు ఊరికే కూర్చుని, ఒక ఏడు రెండడుగుల తెల్లటి పూల తోక వంచి వదులుతుంది. పూసిన చక్రం ఆ ఏడే చచ్చిపోతుంది, అది దాని స్వభావం. పక్కన పిలకలు రాకముందే పూతకొస్తే మొక్క పోయినట్టే. అందుకే పిలకలు కనబడ్డ ఏడే ఒకటి రెండు తీసి కుండీలో పెట్టుకోవాలి. పక్కన ఎడ్రయాంథస్ ప్యుమిలియో (క్రొయేషియాలో బియొకోవొ పర్వతానిది, ఊదా గంటల పూలు, ఎత్తు మూడు సెంటీమీటర్లే), ముందువైపు డయాంథస్ ఆల్పైనస్ (కార్నేషన్ చుట్టం). ఈ చివరిది మూడు నాలుగేళ్ళకు వడిలిపోతుంది. విత్తనం పట్టుకుని ఉంచండి.

తొట్టికి దాదాపు 48 లీటర్ల మిశ్రమం పడుతుంది. జాన్ ఇన్నెస్ నంబర్ 2 (సంచుల్లో అమ్మే కుండీ మట్టి) పన్నెండు లీటర్లు, ఆకుల ఎరువు పన్నెండు, 4–6 మి.మీ. గ్రిట్ ఇరవై నాలుగు. ఇసుక వేస్తే కడిగిన ముతకదే వేయండి. కట్టుబడికి వాడే మెత్తని ఇసుక సిమెంటులా బిగుసుకుంటుంది. అడుగున పెంకులు పరిచి లాభం లేదు, నీళ్ళు ఆ పొర పైనే నిలుస్తాయి. కన్నం మీద చిన్న వలముక్క చాలు. తొట్టిని మాత్రం ఇటుకల మీదికి ఎత్తండి. రాళ్ళు మూడో వంతు మట్టిలోకి దిగాలి. పైన పెట్టి వదిలేస్తే బొమ్మలకొలువులా ఉంటుంది.

వేరుపురుగు:
గులకరాయి గారూ, అంతా బాగుంది గానీ "ఊడొచ్చింది" అన్న మాటొక్కటే నన్ను ఆపింది. కుళ్ళు అని ముందే తీర్మానించకండి. ఉత్తరపుగోడ గారూ, ఊడిన చోట మెత్తగా, గోధుమ రంగు గుజ్జులా, వాసన వేసి ఉంటే కుళ్ళే. ఆకులు పచ్చగానే ఉండి, కింద వేళ్ళు కొరికేసినట్టు మాయమై ఉంటే వైన్ వీవిల్ అనే ముక్కుపురుగు పిల్లల పని. తొట్టి మట్టి కాగితం మీద గుమ్మరించి వెతకండి. సెంటీమీటరు పొడుగు, కాళ్ళు లేని తెల్లపురుగు, వంకర తిరిగి, తల గోధుమ రంగు. లెవిసియా, సాక్సిఫ్రాగా, ప్రిములా దానికి పంచభక్ష్యాలు.

దొరికితే పాత మట్టి పారేయండి. ఆగస్టు చివర లేదా సెప్టెంబరులో నెమటోడ్లు (ఆ పురుగుని చంపే కంటికి కనబడనంత నులిపురుగులు, ప్యాకెట్లో అమ్ముతారు) నీళ్ళలో కలిపి పోయాలి. స్టైనర్నేమా క్రౌసై రకం మట్టి 5 డిగ్రీలున్నా పని చేస్తుంది. పోసేముందు, తరవాత రెండు వారాలూ మట్టి తడిగా ఉండాలి. ఎండిన గ్రిట్ మీద పోస్తే డబ్బులు దండగ. ఎదిగిన పురుగు రాత్రి తిరుగుతుంది, ఆకు అంచున అర్ధచంద్రాకారపు కోతలు దాని గుర్తు.

చలిమొక్క (ఎడిన్‌బరా):
నీలి పాపీ గురించి. రీడింగ్‌లో దాన్ని వదిలేయమనే నా సలహా. మా వైపు వేసవి చల్లన, గాలిలో తేమ ఉంటుంది, అందుకే ఇక్కడ కలుపులా పెరుగుతుంది. మీకు జులైలో వారం రోజులు 28 డిగ్రీలు దాటితే వేళ్ళు ఉడికిపోతాయి. తప్పదంటే నీలి పాపీల్లోనే 'లింగ్‌హోమ్' రకం పెట్టండి, బెయిలియై కాదు. మొక్కల అన్వేషకుడు కింగ్డన్-వార్డ్ 1924లో టిబెట్ నుంచి విత్తనం తెచ్చిన జాతి బెయిలియై, అది ఒక్కసారి పూసి పోవడం మామూలే. ఏది పెట్టినా మొదటి ఏడు పూకాడ కనబడగానే తుంచేయాలి. పక్క పిలకలు ఏర్పడితేనే రెండో ఏడు ఉంటుంది. సున్నపు నీళ్ళు పోస్తే ఆకు పసుపెక్కుతుంది, పువ్వు నీలం పోయి ఊదాగా మసకబారుతుంది.

ఆ మడికి నేనైతే రోస్కోయా కాట్లియోయిడెస్ పెడతాను. అల్లం కుటుంబమే, కానీ లేతపసుపు పువ్వు చూస్తే ఆర్కిడ్ అనుకుంటారు. దుంపని 15 సెం.మీ. లోతున, ఆకుల ఎరువు బాగా కలిపిన మట్టిలో నాటండి. పైపైన పెడితే మంచు దుంప దాకా దిగుతుంది. మే దాకా మొలక రాదు. చచ్చిందనుకుని తవ్వేవాళ్ళే ఎక్కువ, గుర్తుకి పుల్ల గుచ్చండి. దాని వెనక అరిసీమా కాండిడిస్సిమమ్: తెల్లటి పడగ, లోపల గులాబీ గీతలు, జూన్‌లో భూమిలోంచి సూటిగా లేస్తుంది. ఇది కంద, చేమల చుట్టం. దుంప విడదీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, కంద కోసినప్పటి దురదే ఇదీ.

ఉత్తరపు గోడకి ఒక్కటే సమాధానం, రమోండా మైకొనై. ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దు పిరనీస్ కొండలది, మే–జూన్‌లో ఊదా పువ్వు. సున్నం గార ఊడిన సందులో ఆకుల చక్రం నిలువుగా ఉండేలా నాటాలి. ఎండాకాలంలో ఆకులు తోలులా ముడుచుకుపోతే భయపడకండి, నీళ్ళు తగిలితే ఒకటి రెండు రోజుల్లో విచ్చుకుంటాయి.

ఉత్తరపుగోడ:
పాత మట్టి గుమ్మరించాను, తెల్లపురుగులు పదకొండు. కుళ్ళు వాసన లేదు. వేరుపురుగు గారు చెప్పిందే. రమోండాకి సందులోకి మట్టి ఎలా ఎక్కించాలి? వాన పడితే జారిపోదా?

చలిమొక్క:
చిన్న మొక్కే కొనండి, 7 సెం.మీ. కుండీది. వేళ్ళకి బంకమట్టి, ఆకుల ఎరువు కలిపిన ముద్దని ఇడ్లీ పిండి కంటే గట్టిగా చేసి చుట్టండి. సందులోకి చొప్పించి, కింద పైన పలచని రాతిముక్కలు బిగించండి. పని ఏప్రిల్‌లోనే చేయండి. మొదటి వేసవి వారానికి రెండుసార్లు, ముద్దకే తగిలేలా స్ప్రేతో నీళ్ళు కొట్టాలి.

మిద్దెతోట_హైదరాబాద్:
ఇవి మా దగ్గర బతుకుతాయా? ఆన్‌లైన్‌లో నీలి పాపీ విత్తనాలు కనబడుతున్నాయి.

గులకరాయి:
బతకవండీ, మీ మే నెల రాత్రుళ్ళకే పోతాయి. రోస్కోయా చుట్టం మీ దగ్గరే ఉంది: భూచంపకం, అదీ అల్లం కుటుంబమే. ఆకు రాకముందే ఎండాకాలంలో నేల మీద తెలుపు, ఊదా పూలు పూస్తుంది. దుంప ఐదు సెం.మీ. లోతున, సగం నీడలో. చలికాలం ఆకు ఎండిపోయాక నీళ్ళు మానేయండి, పోస్తూనే ఉంటే దుంప కుళ్ళుతుంది.