నేలవేము ఎక్స్‌ట్రాక్ట్: 400 డోసులో సెల్స్ చావకపోగా పెరిగినట్టు చూపిస్తోంది, ఎందుకు?

ప్లేట్‌_తిరుపతి
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్ ప్రాజెక్టు, తిరుపతిలో. నేలవేము మెథనాల్ ఎక్స్‌ట్రాక్ట్‌తో ఎమ్‌సీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ సెల్స్ మీద ఎమ్‌టీటీ (బతికిన సెల్స్‌ను రంగుతో అంచనా వేసే పరీక్ష) చేశాను. ప్లేట్‌లో ఒక్కో వెల్‌కు (గుంటకు) 10,000 సెల్స్, 48 గంటలు. స్టాక్ (చిక్కటి మూల ద్రావణం) డీఎమ్‌ఎస్‌ఓ అనే ద్రావకంలో మి.లీ.కి 20 మి.గ్రా. కంట్రోల్ (పోలిక కోసం పెట్టిన వెల్స్) ఉత్త మీడియం (సెల్స్ పెరిగే పోషక ద్రవం). మి.లీ.కి 25, 50, 100, 200, 400 మైక్రోగ్రాముల దగ్గర వయబిలిటీ (బతికిన సెల్స్) వరుసగా 91, 78, 61, 72, 118 శాతం. మూడుసార్లు చేసినా ఇదే తీరు. పై రెండు డోసులు వదిలేసి ఐసీ50 (సెల్స్ వయబిలిటీని సగానికి తగ్గించే డోసు) గీయొచ్చా? ఆకు మూలికల అంగట్లో కొన్నది. మిద్దె మీద మూడు రోజులు ఎండబెట్టి పొడి చేశాం.

సెల్‌రూమ్
వదిలేయొద్దండి. అసలు సంగతి చెప్తున్నవి ఆ రెండు పాయింట్లే.

పసుపు ఎమ్‌టీటీని ఊదా ఫార్మజాన్‌గా మార్చేది బతికున్న సెల్ ఒక్కటే కాదు. ఆకులోని ఫ్లేవనాయిడ్లు, పాలీఫినాల్స్ కూడా నేరుగా మార్చేస్తాయి. డోసు పెరిగేకొద్దీ ఆ దొంగ రంగు పెరుగుతుంది, రీడర్ దాన్ని బతికిన సెల్స్ కింద లెక్కేస్తుంది. ఒకసారి సెల్స్ లేకుండా చేసి చూడండి: మీడియం, 400 ఎక్స్‌ట్రాక్ట్, ఎమ్‌టీటీ మాత్రమే వేసి 37 డిగ్రీల్లో 4 గంటలు పెట్టండి.

ఇంకో తప్పు దీనికి ఎదురు దిక్కున లాగుతోంది. 20 మి.గ్రా. స్టాక్‌తో 400 డోసు కావాలంటే మి.లీ. మీడియంలో 20 మైక్రోలీటర్లు పోయాలి, అంటే డీఎమ్‌ఎస్‌ఓ 2 శాతం. 100 దగ్గరే 0.5 ఉంది. ఆ ద్రావకం కూడా సెల్స్‌ను దెబ్బతీస్తుంది, మీ కంట్రోల్‌లో చూస్తే అది చుక్క కూడా లేదు. ఒక తప్పు పైకి, ఒకటి కిందికి లాగుతుంటే ఆ 61ని కూడా నమ్మలేం.

స్టాక్ 100 మి.గ్రా. చేయండి. డైల్యూషన్లు మీడియంలో వద్దు, డీఎమ్‌ఎస్‌ఓలోనే చేసి, ప్రతి డోసుకూ మి.లీ. మీడియంలో 4 మైక్రోలీటర్లు వేయండి. అప్పుడు అన్ని వెల్స్‌లో, కంట్రోల్‌తో సహా, 0.4 శాతమే ఉంటుంది. మీడియంలో కలిపాక ఓసారి మైక్రోస్కోప్ కింద చూడండి. పచ్చటి రేణువులు అడుగున పేరుకుంటే ఎక్స్‌ట్రాక్ట్ విరిగిపోయినట్టే, ఆ డోసు రాయడానికి పనికిరాదు.

48 గంటలయ్యాక మీడియం తీసేసి పీబీఎస్‌తో (ఉప్పు బఫర్‌తో) మెల్లగా కడిగి, ఎక్స్‌ట్రాక్ట్ లేని కొత్త మీడియంలో మి.లీ.కి 0.5 మి.గ్రా. ఎమ్‌టీటీ వేయండి. ప్రతి డోసుకూ సెల్స్ లేని వెల్స్ మూడు పెట్టి, వాటి ఓడీని (రంగు ఎంత చిక్కగా ఉందో చెప్పే రీడింగును) లెక్కలోంచి తీసేయండి. 4 గంటల తర్వాత పైన ద్రవం పీల్చేటప్పుడు పిపెట్ మొన అడుగుకు తగిలితే స్ఫటికాలు దాంతోనే పోతాయి, ప్లేట్‌ను వాల్చి గోడ పక్కనుంచి తీయండి. 100 మైక్రోలీటర్ల డీఎమ్‌ఎస్‌ఓలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదవండి. అంచున ఉండే 36 వెల్స్ త్వరగా ఆరిపోతాయి, వాటిలో ఉత్త పీబీఎస్ పోసి వదిలేయండి.

ఎస్‌ఆర్‌బీ
పైన చెప్పినదంతా సరే. నాదొక్క మాట: ఆకు రసాలకు ఎమ్‌టీటీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సల్ఫోరోడమిన్ బీ (ఎస్‌ఆర్‌బీ) అనే రంగు సెల్స్‌లోని ప్రొటీన్‌కు అంటుకుంటుంది, ఎమ్‌టీటీని ఊదాగా మార్చే రిడక్షన్‌తో దానికి పనిలేదు. 100 మైక్రోలీటర్ల మీడియం మీద చల్లటి 50 శాతం టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆసిడ్) 25 మైక్రోలీటర్లు వేసి 4 డిగ్రీల్లో గంట. నీళ్ళతో అయిదుసార్లు కడిగి ఆరబెట్టి, 1 శాతం ఎసిటిక్ ఆసిడ్‌లో కలిపిన 0.4 శాతం రంగు అరగంట. అదే ఆసిడ్‌తో కడిగి, ఆరాక 10 మిల్లీమోలార్ ట్రిస్ బేస్‌లో కరిగించి 540 నానోమీటర్ల దగ్గర చదవండి. రెండు పద్ధతుల్లో ఒకే దారి కనిపిస్తేనే రాయండి.

శేషాచలం_మొక్కలు
ప్లేట్ సంగతి అలా ఉంచండి, ఆకు సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అంగట్లో 'నేలవేము' అంటే ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులాటానే ఇస్తారని గ్యారంటీ లేదు. హిమాలయాల్లో పెరిగే స్వెర్షియా చిరాయితాను కూడా తెలుగులో నేలవేమనే అంటారు, ఉత్తరాదిలో ఈ రెంటినీ ఒకదాని బదులు ఒకటి అమ్మడం పాతకథే. చేదు రెంటికీ ఉంది, నాలుక మీద వేసుకుని తేల్చలేం. పూతకొచ్చిన మొక్కను వేళ్ళతో సహా తెచ్చి, ఎస్వీ యూనివర్సిటీ బాటనీ వాళ్ళతో గుర్తింపు చేయించి హెర్బేరియం నంబరు (అక్కడ దాచే నమూనాకు ఇచ్చే నంబరు) తీసుకోండి. అడవిలో పీకొద్దు. ఎవరైనా రైతు సాగుచేస్తుంటే ఆయన దగ్గర తీసుకోండి.

నేలవేములోని ముఖ్యమైన చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్ కాడల్లో కన్నా ఆకుల్లో ఎక్కువ, పూత మొదలయ్యేటప్పుడు కోస్తే మంచిది. మన ఎండలో మిద్దె మీద మాత్రం వద్దు. నీడలో, గాలి ఆడేచోట, చేత్తో నలిపితే పెళపెళలాడేదాకా ఆరబెట్టండి. 50 గ్రాముల పొడికి ముందు 500 మి.లీ. హెక్సేన్ పోసి మైనాన్ని, పచ్చదనాన్ని కొంత తీసేయండి. పొడి ఆరాక 500 మి.లీ. మెథనాల్‌లో 24 గంటలు, అలా మూడు విడతలు. 40 డిగ్రీలు దాటకుండా రోటా (రోటరీ ఇవాపరేటర్) మీద ఇగర్చి, బరువు ఇక మారదనేదాకా ఆరబెట్టండి. లోపల మెథనాల్ మిగిలితే తూకం తప్పు, సెల్స్ చావూ తప్పే. ఆండ్రోగ్రాఫోలైడ్ స్టాండర్డ్ పెట్టి హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) 223 నానోమీటర్ల దగ్గర చూసి, ఎంత శాతం ఉందో రాయండి. ఆ అంకె లేకపోతే మీ పనిని ఇంకొకరు మళ్ళీ చేయలేరు.

ప్లేట్‌_తిరుపతి
అందరికీ థాంక్సండీ. సెల్స్ లేని వెల్స్ ఇవాళ పెట్టి చూశాను. 400 దగ్గర ముదురు ఊదా, 200 దగ్గర లేత ఊదా, 25 దగ్గర పసుపు అలాగే ఉంది. పాత అంకెలన్నీ పక్కన పెట్టేస్తున్నా. కొత్త ఐసీ50 ఎంతలోపు వస్తే 'క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది' అని రాయొచ్చు?

సెల్‌రూమ్
ముడి ఎక్స్‌ట్రాక్ట్‌కు అమెరికా ఎన్‌సీఐ (జాతీయ క్యాన్సర్ సంస్థ) పెట్టుకున్న ఐసీ50 గీత మి.లీ.కి 20 మైక్రోగ్రాములు, శుద్ధ పదార్థానికి 4. ఆ లోపు వచ్చినా 'ఈ సెల్స్ పెరుగుదలను ఇంత తగ్గించింది' అనే రాయండి. పక్కనే డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందును పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టండి, మామూలు సెల్స్ ఒక లైన్ కూడా. రెండు రకాలూ ఒకే డోసుకు చస్తుంటే అది విషమే తప్ప మందు కాదు. బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన క్యాన్సర్ మందు విన్‌క్రిస్టీన్‌కే చూడండి, ఒక్క గ్రాముకు వందల కిలోల ఎండాకు కావాలి, మనిషికి ఒక డోసు మామూలుగా 2 మి.గ్రా. దాటనివ్వరు. అందుకే మీ రిపోర్టులో 'కషాయం', 'తాగితే' అనే మాటలు ఎక్కడా రానివ్వకండి. కీమో నడుస్తున్నవాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరు అది చదివి, డాక్టరుకు చెప్పకుండా ఆకు నూరి తాగిస్తారు.