టీచర్ల మానసిక అలసటకు ధ్యానం సరిపోతుందా?

చర్చాంశం: పిల్లల కష్టాలు విని విని ఉపాధ్యాయులకు కలిగే అలసటను, అంటే కంపాషన్ ఫెటీగ్‌ను, ధ్యానంతోనూ స్వీయ జాగ్రత్తతోనూ వారే తగ్గించుకోవాలని కొందరు అంటున్నారు. మీ అభిప్రాయం?

విజయవాడ, ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని:
ధ్యానం మంచిదే, కాదనను. అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచెత్తిన తరువాత బడులు తెరిచినప్పుడు, పుస్తకాలతో పాటు ఇంట్లో సామానంతా పోగొట్టుకున్న పిల్లలు తమ గోడు చెప్పుకున్నది క్లాస్ టీచరుకే. మా బడిలో ఆరో తరగతి పిల్ల ఒకతె, మబ్బు పడితే చాలు, పాఠం మధ్యలోనే పుస్తకాలన్నీ సంచిలో సర్దుకుని, ఆ సంచిని బల్ల మీద పెట్టుకుని కూర్చునేది. ఆ పిల్లతో మాట్లాడవలసిన సమయంలోనే టీచరు హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు ఫోనులో ఎక్కించాలి. పైగా ఆ టీచరు ఇల్లూ అదే నీటిలో మునిగింది. అలాంటి మనిషికి ‘ఊపిరి గట్టిగా పీల్చి వదలండి’ అని చెప్పడం నాకు సబబుగా తోచలేదు.

గుంటూరు, ప్రైవేటు జూనియర్ కళాశాల అధ్యాపకుడు:
మేడమ్ గారూ, భారం నిజమే. కానీ వ్యవస్థ మారేదాకా మన జాగ్రత్త మనం చూసుకోకూడదా? 1990లలో ఈ అలసటను వివరించిన అమెరికా మనస్తత్వవేత్త చార్లెస్ ఫిగ్లీ దీన్ని ఇతరుల బాధను పట్టించుకున్నందుకు చెల్లించే మూల్యంగానే చూశారు. హాస్టల్లో ఏడుస్తున్న పిల్లవాణ్ని చూసి ‘మళ్లీ మొదలుపెట్టాడు’ అని విసుగు పుట్టిన రోజు మనం కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ విసుగు చివరికి తగిలేది వాడికే. రాత్రి ఫోన్లకు నేనొక వేళ పెట్టుకున్నాను. ప్రాణం మీదికి వచ్చే మాట వినిపిస్తే మాత్రం వేళ చూడను; తల్లిదండ్రులకు చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ 14416కు కలుపుతాను.

విజయవాడ ఉపాధ్యాయిని:
మీ పద్ధతిని తప్పుపట్టను సార్. విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సిలర్ ఉండాలని ఆదేశించింది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. శిక్షణ తేలిక కనుక అది జరిగిపోయి, నియామకం ఆగిపోతే, కౌన్సిలర్ పని కూడా చడీచప్పుడు లేకుండా మన నెత్తినే పడుతుంది. పదకొండేళ్ల పిల్ల 14416కు తనంతట తాను ఫోను చేయదు, టీచరు కొంగే పట్టుకుంటుంది. ధ్యానం గంట పెడితే పెట్టండి. దానికంటే ముందు క్లాస్ టీచరుకు వారంలో పాఠమూ యాప్ పనీ లేని ఒక పీరియడ్, విన్నది అప్పగించడానికి బడిలోనే ఒక మనిషి కావాలి.