పేట గోడల మీద బొమ్మలు వేస్తే జనం కలుస్తారా? (వైజాగ్ వాళ్లు చెప్పండి)

రంగులడబ్బా:
అందరికీ నమస్కారం. వైజాగ్‌లో సముద్రం ఒడ్డున ఒక పేట ఉంది. పేరు రాయను, అక్కడివాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది. పోయిన ఏడాది అక్కడి పొడవాటి ప్రహరీ గోడకి మేం పదకొండు మందిమి కలిసి బొమ్మలు వేశాం. ఈసారి వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, రెండో విడత చేద్దామనుకుంటున్నాం. బోట్లు ఒడ్డునే ఉంటాయి కాబట్టి మగవాళ్లూ దొరుకుతారు, పిల్లలకి సెలవులు కూడా. బొమ్మలతో పాటు పిల్లలకి డ్రాయింగ్, ఆడవాళ్లతో పాటలు, చివరి రోజు చిన్న నాటకం. ఒక సంస్థ కొంత డబ్బు ఇస్తానంది. కానీ పేటలో కొందరు వద్దంటున్నారు, ఎందుకని అడిగితే తేల్చి చెప్పరు. ఇలాంటి పనుల వల్ల ఒక వాడ జనం నిజంగా దగ్గరవుతారా? మీ అనుభవం రాయండి.

సీతమ్మధార సుబ్బు:
గోడకి రంగేస్తే కుళాయిలో నీళ్లొస్తాయా?

తెప్పకొయ్య:
ఆ పేట మాదే. ఎందుకు వద్దంటున్నామో నేను చెప్తాను. మీరు గోడ మధ్యలో వేసిన పెద్ద పడవ మాది కాదు. ముక్కు పైకి లేచి, కొసన నగిషీ చెక్కి ఉంది చూడండి, అది కేరళ పడవ. మా తాతలు వేటకెళ్లింది తెప్ప మీద. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించి కట్టేవారు, ఒడ్డుకొచ్చాక తాళ్లు విప్పి దుంగలు ఆరబెట్టేవారు. ఇప్పుడు ఆ రూపంలోనే ఫైబర్‌తో చేసి ఇంజను బిగిస్తున్నారు. గోడకి ఎదురుగా ఇసకలో అలాంటివి పది పన్నెండు ఉంటాయి. వాటికి వీపు పెట్టి, ఫోన్లో బొమ్మ చూసి గోడ మీద దించారు. కళ్లెదురుగా ఉన్నదాన్ని చూడనివాళ్లు మమ్మల్ని ఏం కలుపుతారు?

రంగులడబ్బా:
పడవ విషయంలో తప్పు మాదే అన్నా, ఒప్పుకుంటున్నాను. ఈసారి దిద్దుతాం. కానీ ఒక్క పడవ కోసం మొత్తం పనే వద్దంటే ఎలా?

పులుసుముక్క:
ఏ రంగు వాడారు? డిస్టెంపర్ అయితే ఆ ఉప్పుగాలికి రెండు వానాకాలాలు కూడా ఆగదు. మా అపార్ట్‌మెంట్ బీచ్ వైపు గోడ చూస్తున్నాంగా, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

వన్‌టౌన్ బాబాయ్:
అమ్మాయ్, నేను ముప్పై ఏళ్లు నాటకాలాడినవాణ్ణి, కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు. బొమ్మ వేసిన మర్నాటికి వేసినవాడు వెళ్లిపోతాడు, గోడ మిగులుతుంది. ఆడితే మనిషి మిగులుతాడు. ప్రజానాట్యమండలి బుర్రకథలు పల్లెపల్లెకీ వెళ్లింది ఎందుకనుకున్నావు? వినేవాడి భాషలో, వాడి ఇంటి ముందు, వాడి కష్టమే చెప్పారు కాబట్టి. మన వంగపండు ప్రసాదరావు ఈ ఊళ్లోనే షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసినవాడు, ఆయన పాట కార్మికుల నోట్లోకి వెళ్లడానికి ఎవడి గ్రాంటూ అక్కర్లేకపోయింది. బెంగాల్లో సుందర్‌బన్స్ వైపు జన సంస్కృతి అని ఒక బృందం ఉంది, 1985 నుంచీ చేస్తున్నారు. వాళ్లు ఒక కష్టాన్ని నాటకంగా ఆడి మధ్యలో ఆపేస్తారు. ‘ఇక్కడ నువ్వుంటే ఏం చేస్తావు, వచ్చి చెయ్యి’ అని చూసేవాళ్లని పిలుస్తారు. చూస్తున్న కోడలు లేచొచ్చి కోడలి పాత్ర తీసుకుంటుంది. అదీ పని అంటే! మీ మొదటి విడత ప్రారంభానికి నేనూ వచ్చాను. తప్పెటగుళ్లవాళ్లని ఎక్కడో పల్లె నుంచి రప్పించారు. గుండెకి తప్పెటలు కట్టుకుని, గజ్జెలతో, ఒకడి మీద ఒకడు ఎక్కి నిలబడేదాకా గంట ఆడితే తప్ప ఊపందుకోదు ఆ ఆట. ఎనిమిది నిమిషాలకే మైకులో ‘థాంక్యూ, థాంక్యూ’ అని ఆపేసి శాలువా కప్పి పంపేశారు. తర్వాత నలుగురి ఉపన్యాసాలు గంటన్నర.

సీతమ్మధార సుబ్బు:
బాబాయ్, అసలు కడుపుమంట ఆ ఉపన్యాసాల లిస్టులో మీ పేరు లేదనేగా 😀

వన్‌టౌన్ బాబాయ్:
లేదు. అయితే ఏంటట?

రంగులడబ్బా:
ఎనిమిది నిమిషాల సంగతి నాకూ సిగ్గుగానే ఉంది. ఆ రోజు మైకు మా చేతుల్లో లేదు. కానీ బొమ్మల వల్ల ఏమీ కాదంటే ఒప్పుకోను. చెన్నైలో కన్నగి నగర్ చూడండి. అడ్రసు చెప్తే ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడే చోటు. 2020లో అక్కడి అపార్ట్‌మెంట్ల గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేశాక జనం చూడ్డానికి వెళ్లారు, పేపర్లలో వేరే రకం వార్తలు వచ్చాయి. ముంబయిలో ససూన్ డాక్ చేపల రేవే కదా, 2017లో అక్కడ ఎగ్జిబిషన్ పెడితే, ఆ వాసన పేరెత్తితేనే మొహం తిప్పుకునేవాళ్లు క్యూ కట్టారు.

తెప్పకొయ్య:
కన్నగి నగర్ గురించి సగమే చెప్పారు. చెన్నై నడిమధ్య మురికివాడల్లో ఉన్నవాళ్లని ఖాళీ చేయించి ఊరి చివర పడేసిన చోటు అది. ముందు దూరంగా పడేశారు, తర్వాత రంగులేశారు. మాకు భయం అదే. ఇప్పుడు మా గోడ ముందు ఫొటోలు దిగడానికి కార్లలో వస్తున్నారు. రేపు అక్కడొక కాఫీ షాపు, ఎల్లుండి ‘ఈ బోట్లు ఇక్కడెందుకు, వ్యూకి అడ్డం’ అంటారు. మీరు చూస్తూ ఉండండి. 2023లో హార్బర్లో బోట్లు కాలిపోయినప్పుడు ఈ రంగుల డబ్బాలవాళ్లు ఒక్కరూ కనపడలేదు.

రంగులడబ్బా:
అప్పుడు మీరు చూశారా ఎవరొచ్చారో ఎవరు రాలేదో? మా కాలేజీ వాళ్లం బియ్యం మూటలు మోశాం. ఫొటో దిగలేదు కాబట్టి రానట్టేనా?

పులుసుముక్క:
యాక్రిలిక్ ఎక్స్‌టీరియర్ అయితే పర్లేదు. కింద ప్రైమర్ కొట్టారా?

గోడెదురిల్లు:
నేను ఆ పేటలోనే ఉంటాను. ఇందులో రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమనుకోకండి. గోడ మీద తట్ట పట్టుకున్న పాప ఉంది కదా, అది మా చిన్నదాన్ని చూసి వేసింది. స్కూల్లో అందరికీ చెప్పుకుంటుంది. నాకు బాగానే ఉంది. తెప్పకొయ్య అన్న మధురవాడలో ఫ్లాటు కొనుక్కుని వెళ్లి చాన్నాళ్లయింది, పేట తరఫున ఆయన మాట్లాడ్డం ఏంటో నాకు తెలీదు.

తెప్పకొయ్య:
ఓహో. ఫ్లాటు గురించి వచ్చిందా! సరే, ఇప్పుడు చెప్తాను, కావాలనే ఇన్ని రోజులు రాయలేదు. నేను మధురవాడలో ఉన్నాను. మా అమ్మ రానంది, పేటలోనే ఉంది. నలభై ఏళ్లుగా ఆ గోడ పక్కన నెత్తళ్లు ఆరబెట్టుకుంటోంది. పొద్దున్నే పాత వల పరిచి, దాని మీద పలచగా చల్లి, కాకులు రాకుండా గోడ నీడన కర్ర పట్టుకుని కూర్చుంటుంది. ఆ గోడకి పొద్దెక్కేదాకా నీడ, తర్వాత మంచి ఎండ, సముద్రం గాలి, ఎండుచేపకి అంతకంటే ఏం కావాలి? బొమ్మలు వేసిన నెలకి ఆఫీసు నుంచి మనిషొచ్చి ‘గోడ ముందు చేపలు పెట్టొద్దు, బొమ్మ కనపడదు, వచ్చేవాళ్లకి వాసన’ అన్నాడు. ఇప్పుడు డాబా మీద ఆరబెడుతోంది. డెబ్బై దాటిన మనిషి, రోజుకి నాలుగుసార్లు తట్ట ఎత్తుకుని మెట్లెక్కుతోంది. గోడ మీద మాత్రం ఎండుచేపలమ్మే ముసలావిడ బొమ్మ నవ్వుతూ ఉంది. రెండు మనుషుల ఎత్తు. ఎవర్ని చూసి వేశారో మరి.

సీతమ్మధార సుబ్బు:
…ఇది ముందే చెప్పొచ్చుగా బాసూ. పడవ, ముక్కు అని మూడు రోజులు తిప్పావు.

తెప్పకొయ్య:
పడవ కూడా తప్పే.

రంగులడబ్బా:
నేను రెండు రోజులు ఏమీ రాయలేదు, కారణం ఉంది. మా పాత కాగితాలు తీసి చూశాను. అనుమతి కోసం పెట్టిన అర్జీలో ఆఖరి లైను ‘గోడ ముందు ఆరడుగుల మేర ఖాళీగా ఉంచేలా చూడగలరు’. అది రాసింది నేనే. చెత్త వేయకుండా, బైకులు ఆనించకుండా అని రాశాను. చేపలు నా బుర్రలోకే రాలేదు. ఆ ముసలావిడ బొమ్మ మీ అమ్మగారిని చూసి వేసిందే అయ్యుండాలి, వేసినబ్బాయి ఆవిడ పక్కన కూర్చుని స్కెచ్ గీశాడు. మళ్లీ అర్జీ పెట్టి ఆ లైను తీయించమంటాను.

గోడెదురిల్లు:
ఆగండక్కా. ఆ ఆరడుగుల్లోనే నా టీ బల్ల ఉంది. ఫొటోలకి వచ్చేవాళ్ల వల్లే ఆ నాలుగు డబ్బులు. వేట లేని రెండు నెలలూ మా ఆయనకి పని ఉండదు, ఈ బల్లే. చేపలు మళ్లీ అక్కడ పెడితే టీ తాగేవాళ్లు నిలబడరు. ఇది పిన్నికి, అదే అన్న వాళ్లమ్మకి, తెలుసు. అందుకే ఏడాదిగా ఆవిడకీ నాకూ మాటల్లేవు. గంగమ్మ సంబరంలో కూడా ఘటం ఎత్తుకుని మా గుమ్మం ముందు ఆగకుండా వెళ్లిపోయింది. నేను పసుపునీళ్ల చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాను. కళ వల్ల జనం కలుస్తారా అని అడిగారు కదా, మా గోడ దగ్గర అయింది ఇది. అన్నకి ఇదంతా తెలుసు, ఇక్కడ రాయలేదు.

వన్‌టౌన్ బాబాయ్:
ఇదే నాటకం! దీన్నే ఆడించండి, మధ్యలో ఆపి…

తెప్పకొయ్య:
బాబాయ్, మా అమ్మ నాటకంలో నిలబడదు. నిలబడమని మీరు అడగొద్దు కూడా.

నీ బల్ల తీసెయ్యమని నేను అనలేదమ్మా. అమ్మ కూడా అనలేదు. గుమ్మం ముందు ఆగని సంగతి నాకు తెలీదు.

రంగులడబ్బా:
గోడ మొత్తం పొడవు డెబ్బై అడుగులు. బల్లకి ఎంత కావాలి, వలకి ఎంత కావాలి? నేను శనివారం పొద్దున వస్తాను, టేపు తెస్తాను. డబ్బాలూ బ్రష్షులూ తీసుకురాను. ఆరున్నరకి పిన్నిగారు ఇంటి దగ్గర ఉంటారా?

గోడెదురిల్లు:
ఆరున్నరకి ఆవిడ హార్బర్లో ఉంటుంది, వేలంపాట దగ్గర. తొమ్మిదికి రండి. టీ నా దగ్గర తాగండి, కానీ ముందు ఆవిడింటికి వెళ్లండి, లేకపోతే అదొకటి అవుతుంది.

పులుసుముక్క:
ప్రైమర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

రంగులడబ్బా:
కొట్టలేదండి. డబ్బు చాల్లేదు. కింద రెండడుగులు అప్పుడే పెచ్చులు ఊడుతోంది.

తెప్పకొయ్య:
పడవ దాకా ఊడిందా?