కొటియా గ్రామాల వార్తల్లో మన మాధ్యమాలు పక్షం వహించవచ్చా?

వేగావతి:
కొటియా గొడవ రాజుకున్నప్పుడల్లా తెలుగు పత్రికల్లో ఒడిశా దౌర్జన్యం చేసిందని చదువుతాం. అదే సంఘటన ఒడియా చానళ్లలో ఆంధ్ర చొరబాటుగా కనిపిస్తుంది. రెండు చోట్లా ఊళ్లో ఉండే మనిషి మాట మాత్రం వినపడదు.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. మన సాలూరు మండలానికీ, కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ మధ్య కొండల మీద 21 గ్రామాలున్నాయి. మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. 1968లో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. యథాతథ స్థితి కొనసాగించమన్నారు. 2006లో దావా ముగిసినా హద్దు తేలలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. అదే ఏడాది నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిసి, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామనుకున్నారు.

కోర్టే తేల్చని హద్దును విలేకరి తన వార్త మొదటి వాక్యంలోనే తేల్చేస్తున్నాడు. నా అభ్యంతరం అక్కడే. కెమెరాలు పోలింగు రోజున, జెండా పండుగ నాడు కొండెక్కుతాయి. గర్భిణిని డోలీలో దించే రోజున ఒక్కటీ ఉండదు.

పాత డెస్కు:
వేగావతి గారూ, మీ ఆవేదన అర్థమైంది కానీ పత్రిక పని మీరు చెప్పినంత తేలిక కాదు. మండల విలేకరికి సమాచారం ఇచ్చేది తహసీల్దారు, ఎస్సై. అతను ఒడియా చదవలేడు, కోరాపుట్ కలెక్టరేటుకు వెళ్లి వివరణ తీసుకునే వీలూ లేదు. సాయంత్రంలోగా వార్త పంపాలి. చేతికి అందిందే రాస్తాడు.

ఇంకో మాట. పత్రికలు గోల పెట్టకపోతే ఏ ప్రభుత్వం అటు తొంగి చూసేది? ఇటువైపు వార్త వస్తే అటు రోడ్డు పడింది, అటు బడి కడితే ఇక్కడి అధికారులు పరుగెత్తారు. మీరు తప్పు పడుతున్న ఆ పక్షపాతమే ఆ గిరిజనులకు కొంత మేలు చేసింది. దాన్ని తీసిపారేయకండి.

కృష్ణా తీరం:
ఇది భాష తేడా వల్ల వచ్చిన సమస్య అనుకుంటే పొరపాటు. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగు జరుగుతున్న రోజున, నాగార్జునసాగర్‌లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. 26 గేట్లలో 13వ గేటు దాకా ఆంధ్ర పోలీసులు ముళ్లకంచె వేశారు. తర్వాత కేంద్ర బలగాలు వచ్చాయి. ఇరువైపులా తెలుగే. అయినా హైదరాబాద్‌లో చదివినవారికి అది ఆక్రమణ, విజయవాడలో చదివినవారికి హక్కు కాపాడుకోవడం. విలేకరికి ఒడియా రాకపోవడం సాకు మాత్రమేనండీ. పాఠకుడు ఏ వైపు ఉంటే వార్త ఆ వైపు వాలుతోంది.

చట్టం చదివినవాణ్ణి:
దేశ సరిహద్దు విషయంలో మాధ్యమాలకు ఎంచుకునే వీలు తక్కువ. పటం తప్పుగా వేస్తే శిక్షించే చట్టం ఉంది. కాశ్మీర్ పటం తప్పుగా చూపినందుకు 2015 ఏప్రిల్‌లో అల్ జజీరా ప్రసారాలను 5 రోజులు ఆపేశారు. రాష్ట్రాల మధ్య హద్దుకు అలాంటి నిర్బంధమేమీ లేదు. ఇక్కడ పక్షం వహించడం పూర్తిగా సంపాదకుల ఇష్టం, కాబట్టి బాధ్యత కూడా వాళ్లదే.

కొండవాలు:
మా మేనత్త వాళ్లది ఆ వైపు ఊరు. వాళ్లు ఇంట్లో కువి మాట్లాడతారు, సంతలో తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు. ఆమె దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు ఒకే పాలిథిన్ కవరులో, దారంతో చుట్టి, చూరులో దోపి ఉంటాయి. వానాకాలంలో తడవకుండా ఆ కవరును ధాన్యం గాదెలోకి మారుస్తుంది. ఆమెకు ఇందులో గందరగోళమేమీ లేదు. ఇన్నేళ్లు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఇప్పుడు ఇద్దరూ ఇస్తున్నారు, తీసుకుంటోంది.

నాకు కోపం తెప్పించేది పక్షపాతం కన్నా ఆ ఫోటోలు. విలేకరులు వచ్చి రెండు కార్డులూ చేతుల్లో పట్టుకోమంటారు, ముఖం కనబడేలా తీస్తారు, పేరు వేస్తారు. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకేరోజు పోలింగు జరిగింది. అప్పుడూ ఇంతే, సిరా గుర్తు ఉన్న వేళ్లు చూపించమన్నారు. చదివేవారికి అది వింత. ఆ మనిషికి రేపు ఎవరైనా అధికారి ఆ పేజీ ముందు పెడితే కార్డు పోవచ్చు, కేసు కూడా పడవచ్చు. పాత డెస్కు గారూ, మేలు జరిగిందన్నారు. ఆ మేలుకు పూచీగా వీళ్ల ముఖాలను పెట్టే హక్కు పత్రికకు ఎవరిచ్చారు?

పాత డెస్కు:
దీనికి నా దగ్గర జవాబు లేదు. పేరు, ముఖం వేయకూడదు. ఒప్పుకుంటున్నాను. గోల పెట్టడం మాత్రం మానకూడదనే ఇప్పటికీ అంటాను.

వేగావతి:
గోల పెట్టండి, వద్దనను. వార్తలో హద్దు తేలలేదన్న ఒక్క వాక్యం ఉండాలి. కువి తెలిసినవారిని వెంట తీసుకెళ్లాలి. డేట్‌లైన్‌లో, అంటే వార్త మొదట్లో చోటు, తేదీ వేసే దగ్గర, జిల్లా పేరు లేకుండా ఊరి పేరు ఒక్కటే వేయాలి.

పాత డెస్కు:
మొదటి రెండూ సాధ్యమే. మూడోది కుదరదండీ. జిల్లా పేజీలో వచ్చే వార్తకు జిల్లా పేరు తీసేస్తే, మీరు దాన్ని ఏ పేజీలో వేయమంటారు?

వేగావతి:
రాష్ట్ర పేజీలో వేయండి. ఈ వార్త జిల్లా పేజీలో ఉండబట్టే అమరావతిలో ఎవరూ చదవడం లేదు.