సూర్యకాంతిని తగ్గిస్తే నదిలోకి వచ్చే నీరు తగ్గుతుందా?

ప్రశ్న

సోలార్ జియో ఇంజినీరింగ్ అమలైతే ఒక నదీ పరీవాహక ప్రాంతంలో నీటి లభ్యత ఎలా మారుతుందో అంచనా వేసే పని మొదలుపెట్టాను. స్ట్రాటోస్ఫియర్‌లోకి (మబ్బులకు పైన ఉండే వాతావరణ పొరలోకి) సల్ఫర్ డయాక్సైడ్ పంపి, దాని నుంచి ఏర్పడే సన్నని సల్ఫేట్ తుంపరలతో కొంత సూర్యకాంతిని వెనక్కి మళ్లించే పద్ధతిని తీసుకున్నాను. దీనివల్ల వర్షపాతం తగ్గుతుందని చాలాచోట్ల చదివాను. అయితే ఎండ తగ్గితే ఆవిరయ్యే నీరు కూడా తగ్గాలి కదా? వర్షపాతం ఎంత శాతం తగ్గితే నదీ ప్రవాహమూ అంతే శాతం తగ్గుతుందని లెక్క వేయవచ్చా?

జవాబు 1

అలా లెక్క వేయకూడదండి. ఉదాహరణకు ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 700 ఆవిరై, 300 నదిలోకి చేరుతున్నాయనుకుందాం. వాన 5 శాతం తగ్గి 950 అయినప్పుడు ఆవిరి 700 దగ్గరే ఉంటే ప్రవాహం 250కి పడిపోతుంది, అంటే ఆరో వంతు తగ్గుతుంది. అదే ఆవిరి 650కి తగ్గితే ప్రవాహంలో మార్పే ఉండదు. కాబట్టి వాన కన్నా ముందు ఆవిరి లెక్కను సరిచూసుకోవాలి.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఉష్ణోగ్రత ఒక్కదానితోనే ఆవిరిని లెక్కగట్టే థార్న్‌త్‌వైట్ వంటి పద్ధతి వాడితే, నేలకు చేరే సూర్యకాంతి తగ్గిన సంగతి నేరుగా లెక్కలోకి రాదు. సూర్యకాంతిని, గాలిని, తేమను కూడా చూసి ఆవిరిని లెక్కగట్టే పెన్‌మన్-మాంటీత్ సమీకరణంలో వస్తుంది. అయితే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగానే ఉండిపోతుంది కాబట్టి ఆకుల పత్రరంధ్రాలు కొంత ముడుచుకుని, మొక్కలు వదిలే నీరు తగ్గుతుంది. అందుచేత ఆ సమీకరణంలోని పత్రరంధ్ర నిరోధాన్ని (ఆకుల రంధ్రాలు నీటి ఆవిరిని ఎంత అడ్డుకుంటాయన్న విలువను) కూడా తగినట్టు మార్చాలి. ఈ రెండూ వదిలేస్తే, వాన తగ్గినా నేలలో తేమ నిలిచే అవకాశం మీ ఫలితాల్లో కనిపించదు.

జవాబు 2

పై లెక్కతో ఏకీభవిస్తాను. అయితే తుంపరలను ఏ అక్షాంశం దగ్గర వదులుతారన్నది కూడా అంతే ముఖ్యం. ఉత్తరార్ధగోళంలోనే వదిలితే ఆ సగం ఎక్కువగా చల్లబడి, ఉష్ణమండల వర్షపు పట్టీ దక్షిణానికి జరుగుతుంది. అప్పుడు ఆఫ్రికాలోని సాహెల్ వంటి ప్రాంతాలకు అనావృష్టి ముప్పు వస్తుంది. 1783లో ఐస్‌లాండ్‌లోని లాకీ అగ్నిపర్వతం బద్దలై సల్ఫర్ వాయువులు చిమ్మినప్పుడు ఎక్కడో దూరాన నైలు నది నీటిమట్టం బాగా పడిపోవడానికి కారణం ఇటువంటిదే. ఈ చిక్కును తప్పించడానికే కొన్ని కంప్యూటర్ నమూనా ప్రయోగాలు భూమధ్యరేఖకు రెండు వైపులా 15, 30 డిగ్రీల అక్షాంశాల వద్ద, నాలుగు చోట్ల వదులుతూ మోతాదును సర్దుబాటు చేశాయి. అందువల్ల ఒకే నదికి ఒక వ్యూహంలో వచ్చిన ఫలితాన్ని మరో వ్యూహానికి అన్వయించలేము.

1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలుడు తర్వాత ఏడాదిలో భూభాగాల మీద వాన, సముద్రాలకు చేరే నదీజలాలు రెండూ గణనీయంగా తగ్గాయి. ఆవిరి తగ్గుదల వాన లోటును పూర్తిగా పూడ్చలేదనడానికి ఇది నిదర్శనం.

జవాబు 3

పినటూబో ఉదాహరణను జాగ్రత్తగా వాడాలని మనవి. అది ఒక్కసారి పడిన దెబ్బ. సముద్రం నెమ్మదిగా, నేల త్వరగా చల్లబడడంతో వానలను లాక్కొచ్చే ఉష్ణోగ్రతా వ్యత్యాసం కొంతకాలం తగ్గింది. అప్పుడే ఎల్‌నినో (పసిఫిక్ సముద్రజలాలు వేడెక్కి వానలు తారుమారయ్యే స్థితి) కూడా ఉంది. దశాబ్దాల పాటు తుంపరలు పంపితే సముద్రమూ సర్దుకుంటుంది.

దేనితో పోలుస్తున్నారో కూడా మీరు ముందే తేల్చుకోవాలి. నేటి వాతావరణంతో పోలిస్తే ప్రవాహం తగ్గినట్టు కనిపించే నదే, ఏ జోక్యమూ లేకుండా వేడెక్కిన భవిష్యత్తుతో పోలిస్తే మెరుగ్గా కనిపించవచ్చు. మంచుతో నిండే నదులలో వార్షిక మొత్తం కన్నా సమయం ముఖ్యం. మంచు నిలిస్తే వసంతకాలపు వరద ముందుగానే రాకుండా ఉంటుంది, వేసవి ప్రవాహం దక్కుతుంది. కాబట్టి ఏడాది సగటు చూపి ఆగకుండా నెలవారీ ప్రవాహాలను, ముఖ్యంగా కనిష్ఠ ప్రవాహాలను ఇవ్వండి. తుంపరలు ఏడాది రెండేళ్లలో కిందికి రాలిపోతాయి కనుక, పంపడం అర్ధాంతరంగా ఆగిపోయిన స్థితిని కూడా తప్పక పరీక్షించండి. అలా ఆగాక వాతావరణం త్వరత్వరగా మారే పదేళ్లలో జలాశయాన్ని నడిపేవారు పాత రికార్డుల మీద ఆధారపడి నీటిని వదలలేరు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. నేను ఉష్ణోగ్రత ఆధారిత పద్ధతినే వాడుతున్నాను. పెన్‌మన్-మాంటీత్‌కు మారి, రెండు వేర్వేరు వ్యూహాలతో నెలవారీ ప్రవాహాలను మళ్లీ లెక్కించి ఇక్కడే తెలియజేస్తాను.