డాబా మీద ఆనప పందిరి, స్లాబుకి చిల్లు పెట్టకుండా ఎలా?

కొత్తపాదు:
అందరికీ నమస్తే. మాది వైజాగ్, అద్దె ఇల్లు. డాబా మీద టబ్బుల్లో ఆనప, బీర, కాకర పెట్టాను, జానెడు దాటి తీగ సాగుతున్నాయి. స్లాబుకి డ్రిల్లింగ్ వద్దని ఓనర్ గారు ముందే చెప్పేశారు, పైగా సముద్రం గాలి. కర్ర పాతడానికి మట్టే లేనిచోట పందిరి ఎలా నిలబెడతారండి? ఇనుప స్టాండు రేటు అడిగి వచ్చేశాను.

పెయింట్‌డబ్బా:
20 లీటర్ల పాత పెయింట్ డబ్బాలు నాలుగు చూడండి. మధ్యలో అడుగున్నర పీవీసీ పైపు ముక్క నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోయండి. నిండితే ఒక్కోటి 45 కిలోలు దాటుతుంది, అందుకని పైనే కలుపుకోండి, డబ్బాలు పిట్టగోడ వారగా ఉంచండి. పైపులో ఏడడుగుల సరుగుడు కర్ర దింపి సందుల్లో చెక్కముక్కలు బిగగొట్టి, పైన అడ్డకర్రలు కట్టి, జీఐ వైరు అడుగు ఎడంలో అటూ ఇటూ లాగితే పందిరి అయిపోయినట్టే. ఇల్లు మారినప్పుడు పట్టుకెళ్లొచ్చు, మోసేవాళ్లు తిట్టుకుంటారు, అంతే.

లంకరైతు:
ఆనపకి సరే, కాయ బరువుకి పందిరే కావాలి. బీర, కాకరకి అంత హంగామా ఎందుకు తమ్ముడూ, రెండు కర్రల మధ్య నైలాన్ వల నిలువుగా కట్టు చాలు. వల కన్ను అర అడుగు ఉండాలి, చిన్నదైతే కాయ అందులో ఇరుక్కుని వంకర తిరుగుతుంది. గాలికి అడ్డంగా మాత్రం కట్టకు, ఆకు కమ్మాక అది తెరచాపే. తుఫాను హెచ్చరిక వస్తే డబ్బాల మీద భరోసా పెట్టుకోకుండా వల కోసేసి కర్రలు పడుకోబెట్టెయ్. 2014 హుద్‌హుద్ చూసిన వైజాగ్ వాళ్లకి నేను చెప్పాలా!

తీగమల్లి:
ప్లాస్టిక్ సుతిలి వాడకండి, ఎండకి పొడిపొడిగా రాలిపోతుంది. కొబ్బరి తాడు మేలు. ఆనప పందిరి ఎక్కేదాకా పక్క పిలకలు తీసేస్తూ ఉండి, ఎక్కాక కొన గిల్లండి, పక్క కొమ్మలకే పిందె పువ్వులు ఎక్కువ. అన్నట్టు ఆనప, బీర పువ్వులు విచ్చేది సాయంత్రాలు, కాయ నిలవకపోతే ఆ వేళప్పుడు మగపువ్వు తెచ్చి రాయండి.

కొత్తపాదు:
థాంక్సండీ. ఆనపకి పందిరి, మిగతా రెండిటికీ వల. కాంక్రీటు పోసిన మర్నాడే కర్ర దింపొచ్చా?

పెయింట్‌డబ్బా:
వద్దు, వారం ఆగండి. రోజూ పొద్దున, సాయంత్రం పైన నీళ్లు పోస్తూ ఉండండి. ఈలోపు తీగలకి పుల్లలు గుచ్చి పెట్టండి, లేకపోతే ఒకదాన్నొకటి అల్లుకుపోతాయి.