14 ఏళ్ల తర్వాత తమ్ముణ్ణి హాస్పిటల్ నుంచి బయటికి పంపుతామంటున్నారు, ఒప్పుకోవాలా?

తమ్ముడి_అక్క:
మా తమ్ముడికి స్కిజోఫ్రేనియా. 14 ఏళ్లుగా మానసిక ఆసుపత్రిలోనే ఉన్నాడు. రెండేళ్లుగా గొంతులు వినపడటం బాగా తగ్గింది, నెలకో ఇంజెక్షన్‌తో నిలకడగా ఉన్నాడు. ఇప్పుడు డాక్టర్లు ఇంకో నలుగురితో కలిసి ఉండే గ్రూప్ హోమ్‌కి మారుద్దామంటున్నారు. ఈ మాట చెబితే వాడు "నా గది తాళం నా దగ్గరే ఉంటుందా అక్కా" అని ఒక్కటే అడిగాడు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఇంజెక్షన్ వద్దని మొండికేస్తే ఎవరు చూస్తారు? మళ్లీ తిరగబెడితే బెడ్ ఇస్తారా? ఏం చేయమంటారు?

వార్డు_నర్సు:
చాలా ఏళ్లు వార్డులో చేసి ఇప్పుడు ఇళ్లకు వెళ్లి చూసే టీమ్‌లో ఉన్నానండి. ఒప్పుకోండి, కానీ కొన్ని విషయాలు ముందే తేల్చుకోండి. వారానికి ఎన్నిసార్లు వస్తారు, వచ్చేది ఒకే మనిషా లేక రోజుకొకరా, అర్ధరాత్రి ఏదైనా అయితే ఏ నంబర్‌కి చేయాలి, ఇంజెక్షన్ తేదీ దాటితే ఎన్ని రోజుల్లో ఇంటికొస్తారు. ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. తిరగబెడితే ఎక్కడ చేర్చుకుంటారో కూడా. నోటిమాటగా "చూసుకుంటాంలెండి" అంటే మాత్రం సంతకం పెట్టకండి.

అమ్మ_కొడుకు:
మా అమ్మ 9 ఏళ్లు లోపలుంది. బయటికి వచ్చిన మొదటి రాత్రి గదిలో లైట్ వెలుగుతుంటే స్విచ్ దగ్గర నిలబడి ఉంది, ఎంతసేపటి నుంచో తెలీదు. వార్డులో లైట్లు ఎవరో ఆర్పేవారు, ఆవిడ ఎవరో వచ్చి ఆర్పుతారని ఎదురు చూస్తోంది. నేను ఆర్పబోయి ఆగి, "నీ ఇష్టం అమ్మా, నిద్రొచ్చినప్పుడు ఆర్పుకో" అన్నాను. ఆ మాట అర్థమవడానికి ఆవిడకు నెల పట్టింది. జబ్బు వేరు, అన్నేళ్లు లోపల ఉండటం వల్ల పోయిన అలవాట్లు వేరు. మొదటి మూడు నెలలు చూసి "వీడి వల్ల కాదు" అనుకోకండి, దయచేసి.

పాత_ఫైళ్లు:
భయం ఊరికే రాలేదు. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో 5.5 లక్షల మందికి పైగా ఉండేవారు. 1963లో కెన్నెడీ చట్టం చేసి ఊరూరా సెంటర్లు పెడతామన్నారు, అనుకున్నవాటిలో చాలా కట్టనే లేదు. వార్డులు మాత్రం ఖాళీ చేశారు. దిక్కులేక ఫుట్‌పాత్‌ల మీద, జైళ్లలో తేలినవాళ్లు ఎందరో. ఇటలీలో 1978 చట్టం కొత్తవాళ్లను మానసిక ఆసుపత్రుల్లో చేర్చుకోవడం ఆపింది, కానీ ఆ మార్పు కోసం పోరాడిన డాక్టర్ బసాల్యా పనిచేసిన ట్రియెస్టే నగరంలో పగలూ రాత్రీ తెరిచి ఉండే సెంటర్లు పెట్టారు, ఒక్కోదాంట్లో కొన్ని మంచాలతో సహా. లండన్‌లో ఫ్రయర్న్, క్లేబరీ ఆసుపత్రుల నుంచి పంపినవాళ్లను ఐదేళ్లు గమనిస్తే జబ్బు లక్షణాలు పెద్దగా మారలేదు, స్నేహితులు మాత్రం పెరిగారు, ఎక్కువమంది వెనక్కి వెళ్లాలనుకోలేదు. కాబట్టి నర్సుగారు చెప్పిన కాగితమే అసలు విషయం.

తమ్ముడి_అక్క:
అందరికీ థాంక్సండి. ఈరోజు టీమ్‌తో మాట్లాడాను. వారానికి మూడుసార్లు ఒకే మనిషి వస్తారట, రాత్రి నంబర్ కూడా రాసిచ్చారు. బెడ్ సంగతి ఇంకా తేల్చలేదు, అది తేలేదాకా సంతకం పెట్టనన్నాను. గది తాళం మాత్రం వాడికే ఇస్తారట. ముందు రెండు రోజులుండి చూడమన్నారు, నేనూ కూడా వెళ్తున్నాను. లైట్ స్విచ్ జోలికి మాత్రం వెళ్లను.